1,200 కిలోమీటర్ల పాస్ కొని మూడు కిలోమీటర్లలో వారం గడిపాం: వాల్ గార్డేనా స్కీ ట్రిప్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, వాల్ గార్డేనాకి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగున్నర. మేం వేసుకున్న ప్లాన్‌కి మాత్రం ఒకటిన్నర, అదీ మా బామ్మర్ది మొహం చూసి. మొన్న జనవరిలో మ్యూనిక్ నుంచి కారేసుకుని నలుగురం బయల్దేరాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, మా ఆవిడ తమ్ముడు. నలుగురిలో అంతకుముందు కాళ్ళకి స్కీలు కట్టుకున్నది వాడొక్కడే కాబట్టి ఎక్కడికి వెళ్ళాలి, ఏ ఊళ్ళో దిగాలి, లిఫ్టులెక్కడానికి ఏ పాస్ కొనాలి అన్నీ వాడికే వదిలేశాం. ఈతొచ్చినవాడు ఈతరానివాళ్ళ కోసం చెరువు వెతికినట్టయింది. ఎంత లోతుందో చూశాడు గానీ దిగడానికి మెట్లున్నాయో లేదో చూడలేదు.

కాబట్టి ఈ రివ్యూ బాగా స్కీయింగ్ వచ్చినవాళ్ళకి పెద్దగా పనికిరాదు. ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళని వెంటేసుకుని మొదటిసారి ఇటలీ మంచుకొండలకి వెళ్దామనుకునేవాళ్ళు చదవండి.

వాల్ గార్డేనా అంటే ఒక ఊరి పేరనుకునేరు, డోలమైట్ కొండల మధ్య ఉన్న లోయ అది. అందులో మూడు ఊళ్ళు వరసగా ఉంటాయి. కింద ఓర్టిసెయ్, 1,236 మీటర్ల ఎత్తులో, మధ్యలో శాంటా క్రిస్టినా, అందరికంటే పైన సెల్వా, 1,563 మీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ప్రాంతమంతా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. అందుకే ఇటలీలో ఉన్నామన్న మాటే గానీ బోర్డులన్నీ ఇటాలియన్, జర్మన్, పైగా లాడిన్ అనే స్థానిక భాష, మూడింటిలోనూ కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, బుకింగ్ అప్పుడు మాత్రం తికమక పెడుతుంది. సెల్వా అన్నా వోల్కెన్‌స్టైన్ అన్నా ఒకే ఊరు, ఓర్టిసెయ్ అన్నా సాంక్ట్ ఉల్రిష్ అన్నా ఒకటే, మొత్తం లోయకి గ్రోడెన్ అని ఇంకో పేరు. "హోటల్ వోల్కెన్‌స్టైన్‌లో తీసుకుని స్కీ స్కూల్ సెల్వాలో కట్టారేంటండీ, రోజూ అంత దూరం ఎవరు తిరుగుతారు" అని మా ఆవిడ ఒక సాయంత్రమంతా గొడవ. రెండింటికీ మధ్య దూరం సున్నా అని తేలేసరికి అన్నం చల్లారిపోయింది.

ఇక ప్రయాణం. మ్యూనిక్ నుంచి 280 కిలోమీటర్లు, మామూలుగా మూడున్నర గంటలు, మాకు ఆరున్నర పట్టింది. కారణం శనివారం. అక్కడ హోటళ్ళన్నీ శనివారం నుంచి శనివారానికి గదులిస్తాయి కాబట్టి సగం జర్మనీ అదే రోజు దిగుతుంది, మిగతా సగం అదే రోజు ఎక్కుతుంది. పైగా బ్రెన్నర్ దారిలో లూయెగ్ వంతెన పనుల వల్ల 2025 జనవరి నుంచి చాలా రోజులు ఒక్కో వైపు ఒకే లేన్ నడుస్తోంది. ఆస్ట్రియా హైవేకి విన్యెట్ అనే టోల్ స్టిక్కర్ కొనాలి, ఇన్స్‌బ్రుక్ దాటాక బ్రెన్నర్ రోడ్డుకి వేరే టోల్ కట్టాలి, ఇటలీలో అడుగుపెట్టాక ఇంకో టోల్. దిగాల్సిన ఎగ్జిట్ పేరు కియూసా-వాల్ గార్డేనా. కారుకి వింటర్ టైర్లు ఉండాల్సిందే, లేకపోతే కనీసం చైన్లు. రెసిడెన్స్ పర్మిట్, పాస్‌పోర్ట్ రెండూ చేతికందేలా పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు జర్మనీ సరిహద్దులో ఆపి చూశారు. మళ్ళీ వెళ్తే ఆదివారం నుంచి ఆదివారానికి గది ఇచ్చే హోటల్ వెతుక్కుంటాను, లేదా శనివారం తెల్లారుజామున నాలుగింటికే బయల్దేరతాను.

విమానంలో వచ్చేవాళ్ళకి ఇన్స్‌బ్రుక్ దగ్గర, వెరోనా, వెనిస్ కాస్త దూరం. వెరోనా నుంచి బోల్జానోకి రైలు గంటన్నర, అక్కడి నుంచి లోయలోకి బస్సు. కారు లేకపోయినా ఏం నష్టం లేదు, నిజానికి వారమంతా మా కారు హోటల్ బేస్‌మెంట్‌లో నిద్రపోయింది. మా హోటల్ ఇచ్చిన గెస్ట్ పాస్‌తో ఆ ప్రాంతం బస్సులు, రైళ్ళు ఉచితం. ఇస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, దాంతోపాటు కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ఇన్సూరెన్స్ చూపించాలి, ఇది అందరికీ తెలిసిందే. తెలియనిదేంటంటే వీసా కోసం తీసుకునే చవక పాలసీల్లో స్కీయింగ్ చాలాసార్లు కవర్ అవ్వదు. "వింటర్ స్పోర్ట్స్" అన్న మాట పాలసీలో ఉందో లేదో వెతికి చూడండి. అది కాక ఇంకో ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఇటలీలో 2022 జనవరి 1 నుంచి స్కీ వాలు మీద ఉన్న ప్రతివాడికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అంటే మనం వెళ్ళి ఎవరినైనా గుద్దితే వాళ్ళ ఖర్చు భరించేది. ఇది లేనివాళ్ళు స్కీ పాస్‌తో పాటే రోజుకి కొన్ని యూరోలిచ్చి తీసుకోవచ్చు. మొదటి రోజు నేను ఒకాయన్ని గుద్దాను. ఆయన చిరునవ్వు నవ్వి మంచు దులుపుకుని వెళ్ళిపోయాడు గానీ, ఆ మూడు సెకన్లలో నా కళ్ళ ముందు తిరిగింది ఆ ఇన్సూరెన్స్ కాయితమే. హెల్మెట్ సంగతి కూడా చెప్పాలి. ఇంతకుముందు 18 ఏళ్ళ లోపువాళ్ళకే రూలు, 2025 నవంబరు 1 నుంచి అందరికీ. సొంతంగా కొనక్కర్లేదు, స్కీలతో పాటే అద్దెకి దొరుకుతుంది.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వద్దాం. పాస్.

డోలమైటీ సూపర్‌స్కీ అని ఒక పాస్ ఉంది. 1974 నుంచి నడుస్తోంది. ఒక్క కార్డుతో 12 స్కీ ప్రాంతాలు, 1,200 కిలోమీటర్ల వాలులు, 450 దాకా లిఫ్టులు. కోర్టీనా అనే ఊరు కూడా ఇందులోదే, 2026 ఫిబ్రవరి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఆల్పైన్ పోటీలు పెట్టింది అక్కడే. స్కీయింగ్ వచ్చినవాడికి ఇది పెళ్ళి భోజనం, నేను కాదనను. బామ్మర్ది డిసెంబర్‌లో ఫోన్ చేసి "బావా, అందరికీ సూపర్‌స్కీ కొనేశా, ఆరు రోజులు, ఎక్కడికి కావాలంటే అక్కడికి" అన్నాడు. సీజన్ మంచి పట్టులో ఉంటే పెద్దవాళ్ళకి ఒక్క రోజుకే 80 యూరోలు దాటుతుంది, ఆరు రోజులకి 400 పైనే. జనవరిలో కాస్త తగ్గింది, ముందే ఆన్‌లైన్‌లో కొన్నాడు కాబట్టి ఇంకాస్త తగ్గింది, అయినా తక్కువేం కాదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళొచ్చన్నది నిజమే. వెళ్ళడానికి కాళ్ళు రావాలి కదా.

మొదటి రెండు మూడు రోజులు కొత్తవాళ్ళు ఉండేది ఎక్కడంటే, మ్యాజిక్ కార్పెట్ అని మంచు మీద నడిచే ఒక బెల్టు, దాని పక్కన ఏ మాత్రం భయం వెయ్యని ఒక చిన్న వాలు, ఎదురుగా ఒక చిన్న లిఫ్టు. అంతే. దానికి 1,200 కిలోమీటర్లు అక్కర్లేదు. వాల్ గార్డేనా, దాని పక్కనే ఎత్తులో ఉన్న ఆల్పె డి సియూసీ మైదానం, రెండింటికీ కలిపి ఒక లోకల్ పాస్ ఉంది, దాదాపు 180 కిలోమీటర్లు వస్తాయి, సూపర్‌స్కీ కంటే చవక. కొత్తవాళ్ళకి అదే ఎక్కువ. ఇంకా చెప్పాలంటే మొదటి రెండు రోజులకి అసలు ఏ పాస్ కావాలో స్కీ స్కూల్‌కి ఒక మెయిల్ పెట్టి అడగండి, రోజుకి ఎంత పైకి తీసుకెళ్తారో వాళ్ళకే తెలుసు. మేం అడగలేదు.

పాస్ తర్వాత రెండో తప్పు ఊరు. బామ్మర్దికి సెల్లారోండా మీద మనసు. సెల్లా అనే రాతి కొండ చుట్టూ నాలుగు కనుమలు దాటుకుంటూ తిరిగే ప్రదక్షిణ అది, లిఫ్టులతో కలిపి సుమారు 40 కిలోమీటర్లు. దానికి సెల్వా నుంచి ఎక్కడం తేలిక కాబట్టి హోటల్ సెల్వాలో తీసుకున్నాడు. వాడి లెక్క వాడికి సరే. కానీ ఊళ్ళోంచి పైకెళ్ళే ముఖ్యమైన లిఫ్టుల నుంచి దిగే దారులు ఎక్కువగా ఎరుపు, నలుపు. ఇటలీలో నీలం అంటే సులువు, ఎరుపు అంటే మధ్యస్తం, నలుపు అంటే కష్టం. కొత్తవాళ్ళకి ఈ చుట్టుపక్కల స్వర్గం ఓర్టిసెయ్ పైన ఉంది, ఆల్పె డి సియూసీ. సెల్వా నుంచి అక్కడికి స్కీల మీద నేరుగా వెళ్ళే దారి లేదు. ఓర్టిసెయ్ దాకా బస్సు, అక్కడ వాగు దాటి కేబుల్ కార్. స్కీలు భుజాన, బూట్లు కాళ్ళకి, ఆ బూట్లతో నడవడమంటే రెండు కాళ్ళకీ సిమెంట్ పోసి మెట్లెక్కమన్నట్టు ఉంటుంది.

బూట్ల మాటొచ్చింది కాబట్టి అద్దె షాపు గురించి. పేరు చెప్పను. ఆదివారం ఉదయం అరవైమంది క్యూలో ఉన్నారు, కౌంటర్‌లో కుర్రాడు నా కాలు కొలవకుండా "మీ షూ సైజెంత" అని అడిగి ఒక జత చేతిలో పెట్టాడు. తొడిగాను, మెత్తగా, హాయిగా ఉన్నాయి, సంతోషపడ్డాను. అక్కడే మోసపోయాను. షాపులో హాయిగా ఉన్న స్కీ బూటు అంటే దాదాపు ఎప్పుడూ పెద్దదే. సాయంత్రానికి మడమ లోపల ఎగిరెగిరి, పిక్క ముందు ఎముక మీద నల్లగా కమిలిపోయింది. మర్నాడు వెళ్తే ఇంకో అమ్మాయి నిలబెట్టి కాలు కొలిచింది, 26.5 సెంటీమీటర్లు, నా బూటు చూస్తే 28. స్కీ బూట్ల సైజు సెంటీమీటర్లలోనే ఉంటుంది, ఇంటి దగ్గరే గోడకి మడమ ఆనించి కొలుచుకుని వెళ్ళండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందుకి తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు ముందుకి వంచితే వేళ్ళు వెనక్కి జరగాలి, మడమ లేవకూడదు. సాక్సు ఒక్కటే, పల్చటిది. చలని రెండు జతలు తొడిగితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. లోపల వేసుకునే థర్మల్ ప్యాంటు బూటు పైన ఆగిపోవాలి, బూట్లోకి దూర్చితే ఆ మడత సాయంత్రానికి కత్తవుతుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగించేటప్పుడు బరువు, ఎత్తు, వయసు, ఎంతవరకు వచ్చు అని అడుగుతారు, బరువు దగ్గర సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించకండి. పడ్డప్పుడు స్కీ ఊడాలా వద్దా అన్నది ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. బూట్లు మార్చినందుకు డబ్బులు అడగలేదు, ఆ ఒక్క మెచ్చుకోలు ఉంది. ఒక రోజు పోయింది, అది వెనక్కి రాదు. శనివారం సాయంత్రమే వెళ్ళి తీసుకుని ఉంటే ఈ రామాయణం ఉండేది కాదు.

స్కీ స్కూల్. మా ఇద్దరికీ పెద్దవాళ్ళ గ్రూపు, ఉదయం పూట, ఐదు రోజులు. అమ్మాయికి పిల్లల గ్రూపు, మధ్యాహ్నం భోజనంతో కలిపి. పిల్లల క్లాసుకి ఐదుకి ఐదు, కళ్ళు మూసుకుని కట్టేయండి. రెండో రోజు సాయంత్రానికి అది మా పక్కనుంచి రయ్యిమని వెళ్ళిపోతూ "నాన్నా, పిజ్జా పెట్టు పిజ్జా" అని అరుస్తోంది. పిజ్జా అంటే స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి వేగం తగ్గించే పద్ధతి. మా గ్రూపులో ఎనిమిదిమంది, ఎనిమిదిమందికీ ఎనిమిది రకాల భయాలు. టీచరు మంచి ఓపిక మనిషే గానీ ఒకరు పడితే ఏడుగురు నిలబడాలి, రెండు గంటల్లో నేను కదిలింది పావుగంట ఉంటుందేమో. బుక్ చేసేటప్పుడు ఏ భాషలో చెప్తారో రాయించుకోండి. మా దాంట్లో జర్మన్, ఇంగ్లీష్ కలిపి నడిచింది, మాకు సరిపోయింది.

ఒక్క విషయం ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదేమో. భయమేస్తే మనిషి ఒళ్ళు కొండ వైపు వాలుతుంది, వెనక్కి. స్కీలకి అది పూర్తిగా ఉల్టా. వెనక్కి వాలగానే ముందు భాగం మీద బరువు పోయి స్కీలు మన మాట వినడం మానేస్తాయి, వేగం పెరుగుతుంది, ఇంకా భయమేస్తుంది, ఇంకా వెనక్కి వాలతాం. పిక్క ముందు భాగం బూటు నాలికకి ఆనేలా ముందుకి వంగి, మలుపులో లోయ వైపు కాలి మీద బరువు వెయ్యాలి. లోతు వైపు వంగమంటే ప్రాణం ఒప్పుకోదు. నాకు ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, మా ఆవిడకి ఒకటిన్నర రోజు. ఈ తేడా గురించి ఇంట్లో ఇప్పటికీ రోజూ వింటున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్తాను. క్లాసు అయిపోయింది, ఎండ కాస్తోంది, బామ్మర్ది వచ్చి "బావా, చాంపినోయ్ పైకి వెళ్దాం, వ్యూ అదిరిపోతుంది, కిందికి మెల్లగా తీసుకొస్తా" అన్నాడు. ఊరి మధ్యలోంచే గొండోలా, అంటే తీగ మీద వెళ్ళే చిన్న డబ్బాల లిఫ్టు, పైన 2,254 మీటర్లు. వ్యూ నిజంగానే అదిరింది, సస్సోలుంగో కొండ, 3,181 మీటర్లది, మొహం మీదే నిలబడ్డట్టుంటుంది. ఆ తర్వాత కిందికి చూశాను. పక్కనే సస్లాంగ్ ట్రాక్, ఏటా డిసెంబర్‌లో వరల్డ్ కప్ డౌన్‌హిల్ జరిగేది, 1970లో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా ఈ లోయలోనే పెట్టారు. ఇటు పక్క ఎరుపు దారి, అటు నలుపు. రోజంతా వందలమంది గీకి గీకి మధ్యాహ్నానికి పైన మెత్తటి మంచు పోయి గట్టి ఐసు బయటపడింది. ముప్పై మీటర్లు వెళ్ళాను, అందులో ఇరవై కూర్చునే. మా ఆవిడ మాత్రం అడుగు కదపకుండా అక్కడే నిలబడి, "నువ్వెళ్ళరా, మేం గొండోలాలో దిగుతాం" అంది. వాడికి నామోషీగా అనిపించింది, "అక్కా, అందరూ చూస్తారు" అన్నాడు. ఎవరూ చూళ్ళేదు. లిఫ్టు దగ్గర అబ్బాయి స్కీలు తీసి చేత్తో పట్టుకోమని సైగ చేసి ఎక్కించాడు, అంతే. గొండోలాలు కిందికి కూడా మనుషుల్ని దింపుతాయన్న సంగతి గుర్తు పెట్టుకుంటే చాలా మోకాళ్ళు మిగులుతాయి.

ఆ రాత్రి ప్లాన్ మార్చాం. మిగిలిన గ్రూపు క్లాసుల డబ్బులు వదిలేసుకుని (వెనక్కి ఇవ్వరు, కాయితం మీద ముందే రాసి ఉంది, తప్పు మాదే), మేమిద్దరం ఆల్పె డి సియూసీలో ప్రైవేట్ క్లాసు రెండు గంటలు తీసుకున్నాం. ఖరీదే. కానీ ట్రిప్పు మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో ఒక్క యూరో కూడా దండగ కానిది అదొక్కటే. యూరప్‌లో ఇంత ఎత్తులో ఇంతకంటే పెద్ద పచ్చిక మైదానం లేదంటారు, 56 చదరపు కిలోమీటర్లు, చలికాలంలో అదంతా తెల్ల దుప్పటి. ఎత్తుపల్లాలు ఉన్నా లేనట్టే ఉంటాయి, ఎక్కువగా నీలం దారులే, పొడుగ్గా, వెడల్పుగా, పడినా దొర్లిపోతామన్న భయం లేకుండా. చెక్క గుడిసెల మధ్యనుంచి, గుర్రం బండ్ల పక్కనుంచి జారుకుంటూ పోతుంటే మొదటిసారి నాకు ఇది ఆటలా అనిపించింది. అప్పటిదాకా శిక్ష.

ఇప్పుడు నన్నడిగితే, కొత్తవాళ్ళు ఎక్కువమంది ఉంటే ఓర్టిసెయ్‌లో దిగండి. ఊరు కూడా అందమైనది, కొయ్య శిల్పాలకి పేరుపడ్డది, దుకాణాల్లో చెక్కతో చేసిన బొమ్మలు చూస్తూ సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది. అసలు స్కీయింగ్ వద్దనేవాళ్ళకీ అదే మంచిది, సెచెడా కొండ పైకి మామూలు టికెట్‌తో వెళ్ళి 2,500 మీటర్ల మీద నిలబడి రావచ్చు, రషేజా వైపు స్లెడ్జ్ బండ్ల దారి ఉంది. కాస్త వచ్చినవాళ్ళకి సెచెడా నుంచి ఓర్టిసెయ్ దాకా లా లోంజియా అని పదిన్నర కిలోమీటర్ల దారి. బామ్మర్ది అది దిగొచ్చి రెండు రోజులు దాని గురించే మాట్లాడాడు.

వాడి సెల్లారోండా సంగతి కూడా రాయాలి, లేకపోతే ఒప్పుకోడు. గడియారం తిరిగే వైపు వెళ్తే నారింజ రంగు బాణాలు, ఎదురు వైపు ఆకుపచ్చ, తప్పిపోవడం కష్టం. మంగళవారం మొదలుపెట్టాడు గానీ గాలి ఎక్కువై పైన ఒక లిఫ్టు ఆపేశారు, పక్క లోయలో కోర్వారా అనే ఊరి నుంచే వెనక్కొచ్చాడు. గురువారం ఉదయం లిఫ్టులు తెరవగానే ఎక్కి రెండున్నరకల్లా చుట్టేసి వచ్చాడు. పదింటి లోపు మొదలుపెట్టి, మూడున్నర లోపు ఆఖరి కనుమ దాటాలన్నది అక్కడ అందరూ చెప్పే లెక్క. లిఫ్టులు మూసేశాక పక్క లోయలో చిక్కుకుంటే టాక్సీ తప్ప దారి లేదు, కొండ చుట్టూ తిరిగి రావాలి కాబట్టి ఆ బిల్లు కూడా కొండంత.

తిండి. కొండ మీద ప్రతి మలుపులోనూ రిఫూజ్యోలని చిన్న చిన్న హోటళ్ళు, చాలావాటిలో తిండి మామూలు స్కీ క్యాంటీన్లలా కాకుండా బాగుంటుంది. శాకాహారులు పస్తులుండక్కర్లేదు, కాకపోతే అడగాలి. బార్లీ సూప్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అందులో స్పెక్ ముక్కలు వేస్తారు, అంటే పంది మాంసం. రొట్టెతో చేసే ఉండలు, కనెదెర్లి అంటారు, వాటిలోనూ స్పెక్ వేసినవి, పాలకూరవి, చీజ్‌వి వేరువేరుగా ఉంటాయి. పాలకూర, రికోట్టా పెట్టి చేసే ష్లుట్స్‌క్రాప్ఫెన్ మా ఆవిడకి తెగ నచ్చింది, పేరు మాత్రం చివరి రోజు దాకా ఒక్కసారీ సరిగా పలకలేదు, మెనూ మీద వేలు పెట్టి చూపించేది. మధ్యాహ్నానికి కైజర్‌ష్మార్న్ ఒకటి చెప్తే ఇద్దరికి సరిపోతుంది, ముక్కలు చేసిన తియ్యటి మందపాటి అట్టు అనుకోండి. బొంబార్దీనో అని వేడివేడిగా గుడ్డు సొన లిక్కరు, పైన క్రీము వేసి ఇస్తారు. తాగితే తాగండి, ఇక ఆ రోజుకి స్కీలు విప్పేశాకే. తాగి స్కీ చేస్తే జరిమానా ఉంది.

హోటల్‌లో మేం తీసుకున్నది హాఫ్ బోర్డ్, ఉదయం టిఫిను, రాత్రి భోజనం. అలసిపోయి వచ్చాక మళ్ళీ బయటికెళ్ళి వెతుక్కోనక్కర్లేదు, అది సుఖం. ఏడింటికి కూర్చోవాలి, నాలుగైదు వడ్డింపులు, నాలుగో రాత్రికి మాత్రం గదిలో ఆవకాయ సీసా మూత తీశాం, ఒప్పుకుంటున్నా. టూరిస్టు పన్ను బిల్లులో వేరేగా పడుతుంది. ముఖ్యంగా చూసుకోవాల్సింది బూట్లు ఆరబెట్టే వేడి స్టాండు ఉందా లేదా అని, తడి బూట్లు పొద్దున్నే తొడుక్కోవడం కంటే నరకం లేదు. ఇంకోటి, ఈ ప్రాంతంలో సానా (చెమట పట్టించే వేడి గది) అంటే బట్టలు లేకుండానే, ఆడా మగా కలిసే. బామ్మర్ది స్విమ్మింగ్ షార్టుతో వెళ్ళి ఎంత వేగంగా వెళ్ళాడో అంత వేగంగా తిరిగొచ్చాడు. స్కీల మీద కూడా వాణ్ణి అంత వేగంగా చూళ్ళేదు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా వద్దు, ఫిబ్రవరి సెలవుల్లో, కార్నివాల్ వారంలో వద్దు. జనవరి 6 తర్వాత రెండు మూడు వారాలు జనం తక్కువ, ధర తక్కువ, చలి ఎక్కువ. మార్చిలో ఎండ బాగుంటుంది గానీ పొద్దున ఐసు, మధ్యాహ్నం బురద మంచు, ముఖ్యంగా ఎండ పడే సెచెడా వైపు. మంచు కురవకపోతే ఎలాగన్న టెన్షన్ పెద్దగా అక్కర్లేదు, దాదాపు అన్ని దారుల మీదా మెషిన్లతో మంచు కొడతారు. మాకు వారంలో ఒక్క రోజే మబ్బు పట్టింది, ఆ రోజు తెలుపులో తెలుపు కలిసిపోయి నేల ఎక్కడుందో కూడా కనిపించలేదు. ముదురు గాగుల్స్ ఒక్కటే తెచ్చుకున్నాం, లేత అద్దంవి కూడా ఒక జత ఉండాల్సింది.

ఒక మార్కు ఎందుకు తగ్గలేదు, అర మార్కే ఎందుకు తగ్గిందంటే, ఆ అర శనివారం ట్రాఫిక్‌కి. మిగతావన్నీ మేం అడిగి ఉంటే తెలిసేవే. పాస్ నంబరు కొడితే ఎన్ని లిఫ్టులు ఎక్కామో, ఎన్ని మీటర్లు దిగామో లెక్క చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. ఇంటికొచ్చిన రాత్రి బామ్మర్ది సోఫాలో కూర్చుని తనది తెరిచి చూపించాడు, నాలుగు కనుమలు, డజన్ల కొద్దీ లిఫ్టులు, తెర కిందికి జరుపుతూనే ఉన్నాడు. తర్వాత నాది తెరిచాడు. దాదాపు అంతా ఒకే లిఫ్టు పేరు, ఒకదాని కింద ఒకటి, 31 సార్లు. మా ఆవిడ ఫోన్ లాక్కుని తనది చూసుకుంది. అదే లిఫ్టు, 38.